నాయనమ్మ వేలిముద్ర చెల్లదు

మాది చిన్న కంపెనీ. లక్డీకాపూల్ మెట్రో స్టేషన్‌కి దగ్గర్లో, పాత కాంప్లెక్స్‌లో రెండు గదులు. ఆరు నుంచి పదో తరగతి దాకా లెక్కలు తెలుగులో చెప్పే యాప్ మాది. అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు చేసి ఇక్కడ చేరాను. మనుషులు తక్కువ కాబట్టి టెస్టింగ్‌తో పాటు తల్లిదండ్రుల ఫోన్లూ నేనే ఎత్తేదాన్ని. పేరెంట్ కన్సెంట్ పని అలా నా నెత్తిన పడింది.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని 9వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల వివరాలు తీసుకోవాలంటే అమ్మో నాన్నో, లేదంటే చట్టబద్ధమైన సంరక్షకులో ఒప్పుకోవాలి. ఊరికే టిక్కు పెట్టించుకుంటే చాలదు, ఆ ఒప్పుకోలుకి రుజువు ఉండాలి. పిల్లలు ఏం చూస్తున్నారో కనిపెట్టి దాన్నిబట్టి ప్రకటనలు వేయకూడదు. తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా. అమెరికాలో ఇలాంటి చట్టం 1998లోనే చేశారు గానీ అది పదమూడేళ్ల లోపు వాళ్లకే. మన దగ్గర ఇంటర్ చదివేవాళ్లూ దీని కిందికే వస్తారు. ముసాయిదా రూల్స్ 2025 జనవరిలో, అసలు రూల్స్ అదే ఏడాది నవంబరులో వచ్చాయి. కన్సెంట్ భాగానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. మా సార్ మాత్రం ముసాయిదా చూసిన రోజే పని మొదలుపెట్టించారు.

ఈ చట్టం వద్దనే మనిషిని కాను. 2020 డిసెంబరులో లోన్ యాప్‌ల కాల్ సెంటర్ల మీద హైదరాబాద్ పోలీసులు దాడులు చేశారు. ఫోన్లోని నంబర్లన్నీ లాగేసి, చుట్టాలకీ స్నేహితులకీ ఫోన్లు చేసి పరువు తీసిన సంగతులు అప్పుడు బయటికొచ్చాయి. ఆ అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. పెద్దవాళ్లకే దిక్కు తోచలేదంటే, పన్నెండేళ్ల పిల్ల ‘అలౌ’ నొక్కితే ఏం పోతుందో దానికి ఎవరు చెప్పాలి?

మొదట ప్రకటనల కోడ్ తీసేశాం. నెల తిరిగేసరికి రాబడి పడిపోయింది, జీతాలు లేటయ్యాయి. కొందరు మానేశారు. వాళ్లననడానికి లేదు, ఇంటి అద్దెలు ఆగవు కదా. ఆ కష్టం ఓర్చుకున్నాం.

తర్వాత కన్సెంట్ పేజీ పెట్టాం. పిల్లలు పుట్టిన తేదీ వేశాక, ఇంట్లో పెద్దవాళ్లు డిజీలాకర్ ద్వారా తామెవరో చూపించాలి. ఆధార్‌కి లింకైన నంబరుకి ఓటీపీ వస్తుంది. పెట్టిన దగ్గర్నుంచీ నా ఫోన్ ఆగలేదు. ఆధార్ తీసుకున్నప్పటి సిమ్ ఎప్పుడో పోయిందని ఒకరు. “నా ఆధార్‌కి మా ఆయన నంబరే ఉందమ్మా. ఆయన మమ్మల్ని వదిలేసి పోయాడు. ఇప్పుడు ఆయన్ని బతిమాలుకోవాలా?” అని ఒక తల్లి. అక్కర్లేదమ్మా, ఆధార్ సెంటర్‌కెళ్లి మీ నంబరు మార్పించుకోండి అన్నాను. అంటే ఆమెకి ఒక పూట కూలి పోయినట్టే.

ఇట్టే అయిపోయినవీ ఉన్నాయి. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు వేరే సందేహం అడగడానికి ఫోన్ చేశాడు. మీ నాన్న అనుమతిచ్చారా అంటే, “మా నాయినకు చదువ రాదు మేడమ్, ఓటీపీ నేనే కొట్టిన” అన్నాడు. మా రికార్డులో అతనికి పచ్చ టిక్కు పడింది. తండ్రికి ఆ యాప్ పేరు కూడా తెలియదు.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఫోన్ నాకు మాట మాటా గుర్తుంది. పిల్లాడి తల్లి చనిపోయింది. తండ్రి దుబాయ్‌లో. బీడీలు చుడుతూ వాణ్ణి పెంచుతున్నది నాయనమ్మ.

“బిడ్డా, పిల్లగాడు పదోతరగతి. లెక్కలల్ల ఎనుకబడ్డడు. గీ ఫోన్ల నేర్చుకుంటనంటున్నడు. నా ఆధార్ ఉన్నది, కావాల్నంటె ఏలిముద్ర ఏస్త.”

“అమ్మా, వాళ్ల నాన్నకి ఓటీపీ రావాలి.”

“ఆని ఈడి సిమ్ము బందయింది. వాట్సప్‌లనే మాట్లాడుతడు.”

కోర్టు నుంచి సంరక్షకురాలినన్న కాగితం ఏమైనా ఉందా అని అడిగాను. అడగాల్సి వచ్చింది.

“సాకింది నేనే గద బిడ్డా. ఇంక కోర్టేంది?”

1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం సహజ సంరక్షకులు తండ్రి, తల్లి. నాయనమ్మ సంరక్షకురాలు కావాలంటే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టుకెక్కాలి. కొడుకు బతికుండి, నెలనెలా డబ్బు పంపుతుంటే ఆమె ఏమని కేసు వేస్తుంది?

ఫోన్ పెట్టేసి సార్ దగ్గరికెళ్లాను. ఈ జవాబు ఇంకో మనిషికి చెప్పడం నావల్ల కాదన్నాను. మా డెవలపర్ అన్నాడు, “ఆవిణ్ణి ‘తల్లి’ అని నొక్కమనండి, అయిపోతుంది.” నిజమే. రూల్ మమ్మల్ని చూడమన్నది తల్లినో తండ్రినో అని చెప్పుకున్నవాళ్లు పెద్దవాళ్లా, వాళ్లెవరో గుర్తించే వీలుందా అని మాత్రమే. బంధుత్వానికి వాళ్ల మాటే ఆధారం. అబద్ధం చెప్పినవాళ్లకి తలుపు తెరుచుకుంటుంది, నేను నాయనమ్మనని నిజం చెప్పిన ఆమెకి మూసుకుపోతుంది. ఆమె చేత అబద్ధం చెప్పించనని పట్టుబట్టాను. సార్ నా వైపే నిలబడ్డారు.

చివరికి వేరే దారి వెతికాం. వివరాలే తీసుకోకపోతే అనుమతి అడిగే పని లేదు. పేరు లేకుండా, నంబరు లేకుండా పాఠాలన్నీ తెరిచిపెట్టాం. ఆమెకి ఫోన్ చేసి చెబితే సంతోషించింది. కానీ పిల్లాడు ఎక్కడ తప్పుతున్నాడో గుర్తుపెట్టుకుని మళ్లీ ఆ లెక్కలే ఇవ్వడం మా యాప్‌లో అసలు సత్తా. అది ఖాతా ఉన్నవాళ్లకే పనిచేస్తుంది. లెక్కల్లో వెనకబడ్డ పిల్లాడికే అది అందకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

రూల్స్‌లో బడులకి, ఆస్పత్రులకి, శిశు సంరక్షణ కేంద్రాలకి కొన్ని మినహాయింపులిచ్చారు. మనవల్ని సాకుతున్న ముసలివాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. ఉత్తర తెలంగాణలో గల్ఫ్‌కి మనిషిని పంపని ఊరు అరుదు. ‘ఈ పిల్లాడు ఈమె దగ్గరే పెరుగుతున్నాడు’ అని హెడ్మాస్టరో పంచాయతీ కార్యదర్శో రాసిచ్చిన కాగితం చెల్లేలా ఒక్క రూల్ చేర్చాలి. గడువు 2027 మే దాకా ఉంది.