లేపాక్షిలో లెన్సు బేరం

కెమెరా కొన్నవాడికి ఆరు నెలలు తిరగకుండానే ఒక జబ్బు పట్టుకుంటుంది. దాని పేరు రెండో లెన్సు. కెమెరాతోపాటు పెట్టెలో వచ్చిన 18-55 మిల్లీమీటర్ల లెన్సు ఒక్కసారిగా చిన్నబోయి కనిపిస్తుంది. నాకూ ఆ జబ్బు వచ్చింది. ఒక మిత్రుడు దూరపు వస్తువులను దగ్గరకు లాగే టెలి లెన్సు కొనమన్నాడు. ఇంకొకడు గదినంతా ఒకే బొమ్మలో ఇమిడ్చే వైడ్ లెన్సు అన్నాడు. మూడోవాడు చవకలో వచ్చే 50 మిల్లీమీటర్లదే కొనమని పట్టుబట్టాడు. నా దగ్గరున్న డబ్బు ఒక్కదానికే సరిపోతుంది.

మా ఆవిడ తేల్చి చెప్పింది: "మామయ్యగారు ఎన్నాళ్ళనుంచో లేపాక్షి చూస్తానంటున్నారు. ముందు తీసుకెళ్ళండి. అక్కడ దేనికి లోటు వస్తుందో చూసి, అది కొనుక్కోండి."

లేపాక్షి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. 2022 వరకు అనంతపురం జిల్లా. హిందూపురం దాకా రైల్లో వెళ్తే అక్కడినుంచి బస్సులో సుమారు 15 కిలోమీటర్లు.

మొదట పలకరించేది నందీశ్వరుడు. ఒకే రాతిలో మలిచిన విగ్రహం. 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు. మెడలో గంటల పట్టెడ, గొలుసులు ఇప్పుడే తొడిగినట్టుంటాయి. ఇంత భారీ విగ్రహానికి వైడ్ లెన్సు లేనిదే ఎలాగ అనుకుంటాం. లెన్సును 18 దగ్గర పెట్టి పాతిక, ముప్ఫై అడుగులు వెనక్కి నడిచాను. మూతినుంచి తోకదాకా స్వామి హాయిగా ఇమిడిపోయాడు. దగ్గరికి వెళ్ళి వైడ్ లెన్సుతో తీస్తే మూతి పెద్దదై, వెనక భాగం చిక్కిపోయి కనిపిస్తుంది కూడా. చుట్టూ ఖాళీ స్థలం ఉన్నచోట కాళ్ళే వైడ్ లెన్సు.

వీరభద్రాలయం కూర్మశైలం అనే చిన్న గుట్టమీద ఉంది. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు కట్టించారు. ఏడు పడగల నాగేంద్రుడి నీడలో శివలింగం, నేలకు పూర్తిగా ఆనని స్తంభం, సగంలో ఆగిన కల్యాణమంటపం అన్నీ అక్కడే. ఖజానా సొమ్ము ఆలయానికి ఖర్చుపెట్టాడని రాజు ఆగ్రహిస్తే, విరూపణ్ణ తన కళ్ళు తానే పెరికి గోడకు కొట్టాడని స్థలపురాణం. ఆ ఎర్రని మరకలను ఇప్పటికీ చూపిస్తారు. శిల్పాలన్నీ చేతికందే దూరంలో ఉన్నాయి గనక టెలి లెన్సు అవసరం ఒక్కసారీ రాలేదు.

అసలు పరీక్ష మంటపంలో ఎదురైంది. కప్పునిండా విజయనగర కాలపు చిత్రాలు. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, వీరభద్రుడి పెద్ద రూపం, రంగురంగుల చీరల అంచులు, మగవారి ఎత్తైన కుళ్ళాయిలు. మా నాన్నగారికి మెడనొప్పి. తల ఎత్తలేరు. స్తంభం పట్టుకుని నిలబడి, "పైన ఏముందిరా?" అని అడిగారు.

చిత్రాలమీద ఫ్లాష్ వేయకూడదు. ముక్కాలిపీట పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి. నేను రాతినేలమీద వెల్లకిలా పడుకున్నాను. కెమెరా కప్పుకు సమాంతరంగా ఉంటే బొమ్మ అంతటా ఒకే స్పష్టత వస్తుంది. చేయీ కుదురుగా ఉంటుంది. జూమును 50 దగ్గర పెడితే ఇద్దరు మనుషులు మాత్రమే పట్టారు. 35 దగ్గర పెడితే కథ తెలిసేంత పట్టింది. కానీ అక్కడ నా లెన్సు 4.5 కన్నా ఎక్కువ తెరుచుకోదు. వెలుతురు చాలక సెకనులో ఎనిమిదో వంతుసేపు కెమెరా కదలకుండా పట్టుకోవలసి వచ్చింది. అదే 1.8 దాకా తెరుచుకునే లెన్సయితే ఆరు రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది. సెకనులో యాభయ్యో వంతు చాలు.

నాన్నగారు కళ్ళజోడు సవరించుకుని కెమెరా తెరమీద పార్వతీదేవి పెళ్ళి చూశారు. ఒక్కొక్క బొమ్మా చాలాసేపు చూశారు. "బాగుందిరా. ఆ కుళ్ళాయివాడి ముఖం ఇంకాస్త తేటగా ఉంటేనా!" అన్నారు. నా లెన్సు బేరం అక్కడే తెగిపోయింది: 35 మిల్లీమీటర్లు, 1.8.

అందరికీ ఇదే మందు అని కాదు. నేలపట్టు గూడబాతులకో, పులికాట్ రాజహంసలకో వెళ్ళేవారికి ముందు టెలి లెన్సే కావాలి. ఇరుకు గదులు, ఇరుకు సందులు తీసేవారికి వైడ్. మీరు ఇంతవరకు తీసిన బొమ్మలు తిరగేయండి. ప్రతి బొమ్మతోపాటు ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర తీశారో కెమెరా రాసిపెడుతుంది. ఎప్పుడూ 55 దగ్గరే ఆగి ఇంకా ముందుకు పోవాలనిపిస్తోందా, 18 దగ్గర గోడకు వీపు తగులుతోందా, లేక చీకటే అడ్డొస్తోందా? జవాబు అందులోనే ఉంటుంది. లెన్సు మీ కెమెరాకు అమరుతుందో లేదో చూసుకోండి. పాతది కొనేటట్లయితే వెలుతురుకెత్తి లోపల బూజు పట్టలేదని రూఢి చేసుకోండి.

కొత్త లెన్సు ఇంటికి వచ్చిన రోజున మా ఆవిడ దాని ధర అడిగింది. నాన్నగారు మాత్రం హిందూపురం రైలు ఎన్నింటికని అడిగారు.