చెవిన పడే కబురు

ఫోను టింగుమనగానే మనం తీసి చూసుకుంటాం. చూపు లేనివాళ్ళకు ఆ ఫోనే చదివి వినిపిస్తుంది: ఏ యాప్‌లో వచ్చింది, ఎవరు పంపారు, ఏం రాశారు. ఆండ్రాయిడ్‌లో ఈ పని చేసేది టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్. రెండూ 2009లోనే ఫోన్లలోకి వచ్చాయి. గూగుల్‌లో ఈ దారి వేసినవాళ్ళలో టి.వి. రామన్ ఒకరు. పుణెలో పుట్టి, పద్నాలుగో ఏట గ్లకోమాతో చూపు పోగొట్టుకున్న శాస్త్రవేత్త ఆయన.

అంతకుముందు చాలామందికి ఏ కబురు చదవాలన్నా పక్కవాళ్ళ కళ్ళు కావాల్సి వచ్చేది. ఖాతాలో ఎంత మిగిలిందో, రక్తపరీక్షలో ఏం తేలిందో, మనసిచ్చిన మనిషి ఏమందో ముందు మరొకరికి తెలిసేది, ఆ తర్వాతే తనకు. ఫోను మాట్లాడటం మొదలుపెట్టాక దక్కినవాటిలో నేను అన్నిటికంటే పైన పెట్టేది తన కబురు తానే ముందు వినగలిగే ఈ గుట్టునే.

అయితే కిక్కిరిసిన బస్సులో ఆ స్వరమే గుట్టు బయటపెడుతుంది. తెరను పూర్తిగా నల్లగా చేసుకునే వీలుంది. ఐఫోన్‌లో మూడు వేళ్ళతో మూడుసార్లు తడితే చాలు, పక్కవాడికి ఏమీ కనపడదు. మాటకు అలాంటి తెర లేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకోవచ్చుగా అని తేలిగ్గా అనేస్తాం. రోడ్డు మీద ఆటో ఎటునుంచి వస్తోందో చెప్పాల్సిందీ ఆ చెవులే. అందుకే చాలామంది ఒక చెవికే పెట్టుకుని, రెండోదాన్ని దారికి వదిలేస్తారు. ఎప్పుడు పేరు మాత్రమే చెప్పాలో, ఎప్పుడు మొత్తం చదవాలో వినేవాళ్ళే నిర్ణయించుకోవాలి. ఆ మీట సెట్టింగుల అట్టడుగున దాక్కోకూడదు, వేలికి అందేచోట ఉండాలి.

ఇక మన తెలుగు సంగతి. నాకు తెలిసిన ఒక తెలుగు మాస్టారున్నారు. చూపు లేదు, ఫోను మాత్రం మనకంటే చురుగ్గా వాడతారు. పరాయి ఊళ్ళో ఉన్న కొడుకు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసి పంపుతాడు. ఆ అక్షరాలు చూడగానే ఫోను ఇంగ్లీషు గొంతు ఎత్తుకుంటుంది. పొల్లులు, ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడివక్కడ విరిగి, వాక్యం గజిబిజిగా వినిపిస్తుంది. కొడుకు ఏమన్నాడో తెలుసుకోవడానికి మాస్టారు ఒక్కో అక్షరం వేలితో జరుపుకుంటూ వింటారు. తెలుగు లిపిలో వస్తే ఒక్క విసురులో అయిపోయే పని. ఫోన్లలో తెలుగు చదివే గొంతులు ఉన్నాయి, అవి ఇప్పుడు బాగానే చదువుతాయి. వాటికి కావాల్సింది తెలుగు అక్షరాలే.

కొన్ని గొంతులు ఓటీపీని అంకెలుగా కాకుండా మొత్తం సంఖ్యగా చదువుతాయి. 482913 వస్తే నాలుగు లక్షల ఎనభై రెండు వేల తొమ్మిది వందల పదమూడు అంటాయి. గడువు కరిగిపోతుంటే దాన్ని మళ్ళీ అంకెలుగా విడదీసుకోవాలి. మురిపెంగా పెట్టిన పది ఎమోజీలనూ పేరుపేరునా వినాల్సి రావచ్చు. బొమ్మగా పంపిన శుభలేఖ సంగతి మరీ అన్యాయం. ‘ఫోటో’ అని మాత్రమే చెప్పి ఊరుకునే సందర్భాలే ఎక్కువ. ఫోటోలోని అక్షరాలను చదివే సదుపాయాలు వస్తున్నాయి కానీ, వంకులు తిరిగిన పెళ్ళికార్డు తెలుగు దగ్గర అవి తడబడతాయి.

ఇక హక్కుల మాట. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. డిజిటల్ సేవలు అందరికీ అందడం జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో చెప్పింది. బ్యాంకులను, ప్రభుత్వ కార్యాలయాలను అడగడానికి ఆ తీర్పు ఆసరా అవుతుంది. ఇంటి గ్రూపులో వచ్చే కబురు మాత్రం ఏ కోర్టు పరిధిలోనూ లేదు, అది మన చేతుల్లోనే ఉంది. ఈసారి శుభలేఖ ఫోటో పంపేటప్పుడు దాని కింద ముహూర్తం, కల్యాణమండపం పేరు, ఊరు రెండు వరుసల్లో తెలుగులో టైపు చేయండి.