వంకాయ చేసిన నేరమేంటి?

గాంధీనగర్‌లోని ఆ ఇంట్లో గుత్తివంకాయ వండి ఏడాదిన్నర అయింది. మొదట వంకాయ పోయింది. తర్వాత గోంగూర, గుడ్డు, వేరుశనగ, రొయ్యలు... చివరికి కంచంలో బీరకాయ, పెరుగన్నం మిగిలాయి. దద్దుర్లు మాత్రం ఎక్కడికీ పోలేదు!

నారాయణగూడలో పిల్లలకు లెక్కలు చెప్పే ఆవిడకు నలభై అయిదేళ్లు. ఓ సాయంత్రం చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీ వింటుంటే మోచేతుల దగ్గర దురద మొదలైంది. ఇంటికొచ్చేసరికి నడుం చుట్టూ రూపాయి బిళ్లంతేసి దద్దుర్లు. తెల్లారేసరికి మాయం. హమ్మయ్య అనుకుంటే, సాయంత్రానికి మరోచోట! అలా నెలలు గడిచాయి. రాత్రి రెండింటికి లేచి తడి తువాలు చుట్టుకుని కూర్చునేది. పెదవి వాచిన రోజున చున్నీ అడ్డం పెట్టుకుని పాఠం చెప్పింది. 'అంటుకుంటుందా టీచర్?' అని ఓ పిల్ల అడిగినప్పుడు మాత్రం ఏడుపొచ్చేసింది.

'నీకేదో పడట్లేదమ్మాయ్' అంది అత్తగారు. ఆ అనుమానానికి ఆధారమూ ఉంది. ఆవిడ నాన్నకు ఉబ్బసం. చిన్నప్పుడు మృగశిర కార్తె వచ్చిందంటే ఆయన వెంట దూద్‌బౌలిలో చేపమందు కోసం వరసలో నిల్చునేది. ఆవిడకేమో పొద్దున లేస్తే ఆగని తుమ్ములు. పరీక్ష చేయిస్తే రక్తంలో ఐజీఈ అనే అలెర్జీ యాంటీబాడీ ఎక్కువుందన్నారు. పదార్థాల జాబితాతో మరో రిపోర్టు వచ్చింది, సగానికి 'పాజిటివ్'. వంటింట్లో నిషేధాలు అలా మొదలయ్యాయి.

చివరికి ఓ చర్మవైద్యురాలు ఒకటే అడిగారు.

'వంకాయ మానేశాక తగ్గాయా?'

'లేదండీ.'

'మరి దాన్నెందుకు శిక్షిస్తున్నారు?'

తిండి పడక వచ్చే దద్దుర్లు సాధారణంగా తిన్న కొన్ని నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో వస్తాయి. తిన్నప్పుడల్లా వస్తాయి. 1921లో కార్ల్ ప్రౌస్నిట్జ్ అనే వైద్యుడు, చేప పడని తన సహచరుడు హైన్జ్ కూస్ట్నర్ రక్తంలోని సీరాన్ని తన పొట్ట చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు అక్కడే చేప సారం ఎక్కించుకుంటే దద్దురు పొంగింది. (ఎంత ధైర్యమో!) అసలైన అలెర్జీ అంటే అది. ఆరు వారాలు దాటినా రోజూ వస్తూపోతూ ఉండే దద్దుర్ల కథ వేరు. చాలామందిలో సొంత ఒంట్లోని యాంటీబాడీలే చర్మంలోని మాస్ట్ కణాలను రెచ్చగొట్టి హిస్టమిన్‌ను బయటికి రప్పిస్తాయి. రిపోర్టులో 'పాజిటివ్' అన్నంత మాత్రాన ఆ పదార్థమే దోషి కాదు.

అలాగని నాన్న ఉబ్బసానికీ, ఆవిడ తుమ్ములకూ సంబంధమే లేదనలేం. ఇజ్రాయెల్‌లో 11 వేలమందికి పైగా దీర్ఘకాలిక దద్దుర్ల రోగుల వివరాలతో 2017లో వచ్చిన అధ్యయనంలో, వారిలో నూటికి దాదాపు 20 మందికి అలెర్జీ జలుబు ఉన్నట్లు తేలింది. మిగతావారిలో అది 10 మందికే. ఉబ్బసమూ వారిలోనే ఎక్కువ. అంటే రెండూ చుట్టాలే. చుట్టమైనంత మాత్రాన నేరం అంటగట్టేస్తే ఎలా?

ఆవిడ రక్తంలో థైరాయిడ్ యాంటీబాడీలు కనిపించాయి. ఈ దద్దుర్లున్నవారిలో అది అరుదేం కాదు. మోకాళ్ల నొప్పికి వేసుకుంటున్న మాత్ర కూడా దద్దుర్లను పెంచే రకమే. దాన్ని మాన్పించారు. మత్తు తక్కువుండే యాంటీహిస్టమిన్‌ను దురద పుట్టినప్పుడే కాక రోజూ వేసుకోమన్నారు. చాలకపోతే తామే మోతాదు పెంచుతామన్నారు, నాలుగింతల దాకా పెంచొచ్చట. అదీ పనిచేయకపోతే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ ఉంది. అది మొదట ఉబ్బసానికి వచ్చిన మందు. 2014లో దద్దుర్లకూ ఆమోదం దొరికింది. చుట్టరికం అక్కడా బయటపడిందన్నమాట! నాలుక, గొంతు వాచి ఊపిరాడకపోతే మాత్రం క్షణం ఆగకుండా ఆసుపత్రికి రమ్మన్నారు.

ఆ ఆదివారం ఇంట్లో గుత్తివంకాయ ఘుమఘుమలాడింది. అత్తగారు సాయంత్రం దాకా కోడలి చేతుల వంకే చూస్తూ కూర్చుంది. రాత్రికి మోచేతి మీద రెండు దద్దుర్లు లేచాయి. ముందురోజు అయిదు. మాత్ర వేసుకుని, మిగిలిన కూర గిన్నె మీద మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టిందావిడ.