అంతాల్యా పట్టణము

తురుష్కదేశపు దక్షిణతీరమున, మధ్యధరాసముద్రము భూమిలోనికి వంగిన చోట అంతాల్యా యను పట్టణము కలదు. వెనుక టారస్ పర్వతములు, ముందు నీలసముద్రము. ఊరు తీరమునకు సమముగాక యెత్తైన ఱాతిగట్టుమీఁద నున్నది. దూడెన్ అను నది యా గట్టు నంచునుండి సుమారు 40 మీటర్ల క్రిందనున్న సముద్రములోనికి దుముకును. నదులు సముద్రునిఁ జేరుట మన కావ్యములలోఁ బెక్కువిధముల వర్ణింపఁబడినదే కాని, యింత తొందరపడు నాయికను నే నెచ్చటను జదువలేదు.

క్రీస్తునకుఁ బూర్వము రెండవ శతాబ్దమున పెర్గమమ్ రాజగు రెండవ అట్టాలస్ ఈ రేవును నెలకొల్పెను. అతని పేరే అట్టాలియా యై, జనుల నోళ్లలో నలిగి నేఁటి రూపము దాల్చినది. క్రీ.శ. 130లో హాడ్రియన్ చక్రవర్తి రాకకై కట్టిన మూఁడు తోరణముల పాలఱాతి ద్వారము నేఁటికిని నిలిచియున్నది. 1207లో సెల్జూకు తురుష్కులు పట్టణమును జయించిరి. వారు కట్టిన యిటుకల మినారు నిలువు గాడులతో, కట్టగట్టిన స్తంభములవలె నుండును. 1923 నాఁటి యొడంబడిక ననుసరించి తురుష్కదేశమునుండి గ్రీకు క్రైస్తవులును, గ్రీసునుండి మహమ్మదీయులును స్వస్థలములు విడువవలసివచ్చెను. పాతకోటలోని సందులలో నడచువారు, ఈ యిండ్లలోఁ గొన్నిఁటి తొలి యజమానురాండ్రు పొయ్యి చల్లార్చి వెడలిరని తలఁపవలయును.

సోదరీమణులకు ముఖ్యముగాఁ జెప్పఁదలఁచినది యీ పట్టణమునకుఁ దూర్పున, కొలఁది మైళ్లలోనున్న పెర్గే శిథిలములను గూర్చి. క్రీ.శ. 121 ప్రాంతమున ప్లాంకియా మాగ్నా యను స్త్రీ యచ్చటి నగరద్వారమును తన ధనముతోఁ బునర్నిర్మించి, దేవతల విగ్రహములతోను, పురస్థాపకుల విగ్రహములతోను నలంకరించెను. ఆమె ఆర్టెమిస్ దేవి పూజారిణి. నగరమున కెల్ల నున్నతమగు నధికారపదమును గూడ వహించినది. ఆమె తండ్రి రోమకప్రభుత్వమునఁ బెద్దపదవులు చేసినవాఁడు. అయినను పీఠముమీఁది శాసనము “ప్లాంకియా మాగ్నా తండ్రి” యని యాయనను జెప్పుచున్నది! సోదరుఁడును “ప్లాంకియా మాగ్నా సోదరుఁ”డే. మా వీధిలో నన్నెల్లరును “పంతులుగారి భార్య” యనియే పిలుతురు. నా పేరు తపాలాబంట్రోతునకు మాత్రమే తెలియును. అందుచేతఁ గాఁబోలు, ఈ సంగతి చదివిననాఁడు నాకు రాత్రి చాలసేపు నిద్రపట్టలేదు. త్రవ్వకములలో దొరకిన యామె శిలావిగ్రహము శిరమునఁ గిరీటమును, వస్త్రపుఁ జెఱఁగును ధరించి గంభీరముగా నున్నది.

ఇట్టి విగ్రహములు దక్కుట కొక యుపాధ్యాయుఁడు కారకుఁడగుట నాకు మఱింత ప్రియము. మొదటి మహాయుద్ధానంతరము ఇటలీసైన్యము పట్టణమున దిగి, ప్రాచీనవస్తువులు తరలిపోవుచున్న కాలమున, సులేమాన్ ఫిక్రీ ఎర్తెన్ అను నాయన 1919లో వానిని గాపాడుటకుఁ బూనుకొని సేకరింపఁ బ్రారంభించెను. 1922లో వెలసిన పురావస్తుశాల కదియే మూలము. పెర్గేలో 1980లో దొరకిన హెర్క్యులీసు విగ్రహపు క్రిందిసగము, బోస్టనునుండి 2011లో తిరిగివచ్చిన పైసగముతోఁ గలిసినది.

నేఁడు లక్షలకొలఁది యాత్రికులు కొన్యాల్తి గులకఱాళ్ల తీరమునకును, లారా యిసుకకును స్నానార్థమై వత్తురు. విడిదిగృహములు దాఁటి బయట నడుగిడనివారును గలరఁట! వేసవి యెండ దుస్సహము. వసంతారంభమున నైనచో, కొండకొనలపై మంచు కరఁగకమునుపే క్రింద నారింజతోఁటలు పూచి పట్టణమెల్ల గుబాళించును.