ఓడ మీద పెండ్లి చెల్లుతుందా?



"అక్కా, ఓడ మీద చేసుకున్న పెండ్లి చెల్లుతుందా?" 2019 వేసవిలో మా తమ్ముడు నరసాపురం దగ్గరున్న మా ఊరినుంచి ఫోను చేసి అడిగిన మాట ఇది. అప్పుడు నేను అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో మా పెద్దమ్మాయి ఇంట్లో ఉన్నాను. తమ్ముడి కూతురు అక్కడే ఒక ఆసుపత్రిలో నర్సు. గుంటూరు వైపు విశ్వాసుల కుటుంబంలోని అబ్బాయితో సంబంధం కుదిరింది. వీసా చిక్కుల వలన పిల్లలు ఇండియా రాలేరు, తమ్ముడూ మరదలూ అక్కడికి వెళ్ళలేరు. పిల్లలేమో లాంగ్ బీచ్ రేవునుంచి మెక్సికోలోని ఎన్సెనాడా వరకు వెళ్ళి వచ్చే ఓడకు టిక్కెట్లు తీసుకుని, నడిసముద్రంలో కెప్టెన్‌గారిచేత పెండ్లి చేయించుకోవాలని అనుకున్నారు.

తమ్ముడి భయం ఊరికే వచ్చింది కాదు. మా పేటలో ఒక అమ్మాయికి పరదేశంలో పెండ్లి అయింది. ఫోటోలు బోలెడు వచ్చాయి గాని కాగితం రాలేదు. ఆ అబ్బాయి వదిలి వెళ్ళిన నాడు, ఆమె భార్య అని చూపించడానికి తల్లిదండ్రుల చేతిలో ఏమీ లేకపోయింది. అందుకే "విచారించి చెబుతాను, నువ్వు దిగులుపడకు" అన్నాను.

ముందుగా కెప్టెన్ సంగతి విచారించాను. ఓడ కెప్టెన్ ఎవరికైనా పెండ్లి చేయవచ్చన్నది సినిమాలవలన వ్యాపించిన మాట. ఇంగ్లండులో 1894 నాటి నౌకా చట్టం ప్రకారం ఓడలో జరిగిన పెండ్లిని కెప్టెన్ తన లాగ్ పుస్తకంలో రాయవలసి ఉండేది. అయితే రాసినంత మాత్రాన చెల్లని పెండ్లి చెల్లుబాటు కాదు. అమెరికా నౌకాదళపు నియమావళి అయితే, కమాండింగ్ ఆఫీసరు తన ఓడపై పెండ్లి జరిపించకూడదని స్పష్టంగా చెబుతుంది.

మరి ఎక్కడా కుదరదా? కుదురుతుంది. ఓడ ఏ దేశంలో నమోదైందో, ఏ దేశపు జెండా ఎగరవేస్తుందో, నడిసముద్రంలో ఆ దేశపు చట్టమే చూస్తారు. బెర్ముడా దీవులవారు 1999లో సముద్రంపై జరిగే పెండ్లిండ్లకోసం ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. ఇంగ్లండుకు చెందిన క్యునార్డ్ కంపెనీ 2011లో క్వీన్ మేరీ 2 మొదలైన తన మూడు పెద్ద ఓడల నమోదును సౌతాంప్టన్‌నుంచి బెర్ముడాకు మార్చుకుంది. ఆ తరువాత ఆ ఓడలలో కెప్టెన్ జరిపించే పెండ్లి చెల్లుతోంది. కాని అక్కడ కూడా పెండ్లివారు ముందుగా బెర్ముడా రిజిస్ట్రారుకు తెలియజేసి లైసెన్సు తెచ్చుకోవాలి. మా పిల్లలు ఏ దేశపు అనుమతీ అడగలేదు. ఆ ఓడలో జరిగేది విందే గాని వివాహం కాదు.

ఈ మాట చెప్పగానే మేనకోడలు ముఖం చిన్నబోయింది. "అత్తా, ఓడ మీద చేసుకోవాలని ఎంతో ఆశ" అంది. దాని ఆశ నాకు తెలుసు. మా తమ్ముడి పెండ్లినాడు మేమంతా పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లి రేవులో దిగాము. ఆ కథ వింటూ పెరిగిన పిల్ల అది.

అప్పుడు మా అల్లుడు మమ్మల్ని లాంగ్ బీచ్‌లోనే ఉన్న పాత క్వీన్ మేరీ ఓడ దగ్గరకు తీసుకువెళ్ళాడు. మూడు ఎర్రని పొగగొట్టాలతో, 1,019 అడుగుల పొడవుతో, కదలకుండా నిలిచి ఉంది. 1936లో సౌతాంప్టన్‌నుంచి న్యూయార్కుకు మొదటి ప్రయాణం చేసిన ఓడ ఇది. రెండవ ప్రపంచ యుద్ధంలో దీనికి బూడిదరంగు పూసి సైనికులను చేరవేశారు. 1943లో ఒకే ప్రయాణంలో పదహారు వేలకు పైగా మనుషులను మోసింది. యుద్ధం ముగిశాక 1946లో, అమెరికా సైనికులను పెండ్లాడిన బ్రిటను అమ్మాయిలను వేలమందిని, వారి చంటిబిడ్డలతో సహా ఇదే ఓడ భర్తల దేశానికి చేర్చింది. పాత చెక్కపలకల మీద చెయ్యి వేసి ఆ తల్లులను తలచుకున్నాను. పుట్టింటిని వదిలి సముద్రం దాటిన ఆడపిల్లలు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

1967 డిసెంబరులో ఈ ఓడ లాంగ్ బీచ్ చేరి అక్కడే ఉండిపోయింది. ఇప్పుడది హోటలు. లోపల పెండ్లిండ్లకు చిన్న ప్రార్థనా మందిరం కూడా ఉంది. రేవులో కట్టివేసిన ఓడ కనుక కాలిఫోర్నియా చట్టమే దానికీ వర్తిస్తుంది. ఈ సంగతి తెలిసేసరికి మా గుండె బరువు దిగింది.

ఆ చట్టం చెప్పేది సులువుగానే ఉంది. వధూవరులిద్దరూ కౌంటీ క్లర్కు ఆఫీసుకు స్వయంగా వెళ్ళి, గుర్తింపు పత్రాలు చూపి లైసెన్సు తీసుకోవాలి. అది 90 రోజులు పనిచేస్తుంది, ఆ రాష్ట్రం లోపలే పనిచేస్తుంది. పెండ్లి జరిపించగలవారి జాబితాలో న్యాయాధిపతులు, అభిషేకం పొందిన బోధకులు ఉన్నారు; ఓడ కెప్టెన్ లేడు. కనీసం ఒక సాక్షి సంతకం చేయాలి. జరిపించినవారు 10 రోజులలోగా ఆ లైసెన్సును తిరిగి పంపాలి. అప్పుడే పెండ్లి రికార్డులోకి ఎక్కుతుంది.

ఆలోచిస్తే మన పద్ధతికి ఇది దూరం కాదు. మనకు 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ఉంది. అధికారం గల సేవకుడు, ఇద్దరు సాక్షులు, రిజిస్టరులో సంతకాలు మనకూ ఉన్నాయి. చిన్నప్పుడు పెండ్లి అయ్యాక అయ్యగారు రిజిస్టరు తెరిస్తే, భోజనాలకు ఆలస్యమవుతుందని మేము విసుక్కునేవాళ్ళము. ఆ నాలుగు సంతకాల విలువ నాకు పరదేశంలో తెలిసింది.

ఆగస్టులో ఒక శనివారం సాయంత్రం నాలుగు గంటలకు, ఆ ఓడ మీద, అక్కడి తెలుగు సంఘపు పాస్టరుగారు పెండ్లి జరిపించారు. మనకప్పుడు ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నర. తమ్ముడు తెల్లపంచె కట్టుకుని, మరదలు పట్టుచీర కట్టుకుని, ఫోను ముందు కూర్చున్నారు. ప్రమాణాలు అయ్యాక పాస్టరుగారు లైసెన్సు కాగితం బల్లమీద పరిచారు. సాక్షిగా నేను తెలుగులోనే సంతకం చేశాను. "కాగితం ఒకసారి చూపించు అక్కా" అన్నాడు తమ్ముడు. ఫోనుకు ఎదురుగా పట్టుకున్నాను. అప్పటిదాకా బిగబట్టుకున్నవాడు అప్పుడు ఏడ్చాడు.

తరువాత పిల్లలు ధృవీకరించిన నకలు తెప్పించుకుని, ఆ రాష్ట్ర సెక్రటరీ కార్యాలయంలో అపొస్టిల్ ముద్ర వేయించి ఊరికి పంపారు. అమెరికావలెనే మన దేశం కూడా ఆ ఒప్పందంలో ఉంది కనుక, 2005నుంచి అటువంటి ముద్రగల పత్రాలను ఇక్కడ అంగీకరిస్తున్నారు.

తల్లిదండ్రులారా, దూరదేశంలో ఉన్న మీ బిడ్డ పెండ్లి సంగతి చెప్పినప్పుడు ఫోటోలతో తృప్తిపడకండి. లైసెన్సు ఎవరిచ్చారు, జరిపించినవారికి అధికారం ఉందా, ఎక్కడ నమోదయింది అని అడగండి. అడిగితే పిల్లలు నొచ్చుకుంటారని సందేహించవద్దు. కానా ఊరి పెండ్లికి ప్రభువు పిలువబడినట్లే మన బిడ్డల పెండ్లికీ ఆయనను పిలుద్దాము; ఆ కాగితాన్ని కూడా పదిలంగా దాచుకుందాము. మా తమ్ముడు దానిని తన బైబిలులో పెట్టుకున్నాడు.