ఎంత ఇస్తది అన్నా?

హైదరాబాద్‌లో కరెంటు బండి నడిపేవాడికి రోడ్డు మీద ఏకాంతం దొరకదు. పెట్రోలు బండి మీద అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఎంతసేపు నిలబడ్డా మన మొహం వంక చూసే నాథుడుండడు. అదే ఆకుపచ్చ నంబరు ప్లేటు కనిపిస్తే చాలు, పక్క బండాయన హెల్మెట్ అద్దం పైకెత్తుతాడు. "ఎంత ఇస్తది అన్నా?" మనం కిలోమీటర్ల లెక్క చెప్పేలోపే రెండోది: "వానల షాక్ కొట్టదా?" వెంటనే మూడోది: "పేలుతున్నయంట గదా?" ఇంతలో పచ్చలైటు పడుతుంది. జవాబు వినే తీరిక లేదు కాబట్టి, "బ్యాటరీ పోతే కొత్త బండి రేటే అన్నా" అని తీర్పు చెప్పి సాగిపోతాడు. విచారణ, వాదన, తీర్పు తొంభై సెకన్లలో ముగిసే కోర్టు మన దేశంలో ఇదొక్కటే అనుకుంటాను.

ఈ ప్రశ్నలు వినగానే మొహం చిట్లించుకునేవాళ్లున్నారు. ముఖ్యంగా కొత్తగా బండి కొని, దాంతోపాటు యూట్యూబ్ పాండిత్యం కూడా ఇంటికి తెచ్చుకున్నవాళ్లు. నాకైతే ఆ అడిగేవాళ్ల మీద కోపం రాదు. కరెంటు బండి మీద ఉన్న ప్రతి అపోహా ఒకప్పుడు ఎవరో చెయ్యి కాల్చుకుని నేర్చుకున్న నిజం. బండ్లు మారిన వేగంతో మాటలు మారలేదు, అంతే.

2007, 2010ల మధ్య మన వీధుల్లోకి వచ్చిన బ్యాటరీ బండ్లను చూసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. సీటు కింద సీసపు బ్యాటరీలు, గుండెల మీద కుంపటంత బరువు. రాత్రంతా ఛార్జింగ్ పెడితే తెల్లారి గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో కూరగాయల మార్కెట్టుకు పోయి రావచ్చు. ఇద్దరెక్కి ఫ్లైఓవర్ ఎక్కితే వెనకాయన దిగి నడవాల్సిందే. రెండేళ్లు తిరిగేసరికి బ్యాటరీలు డొల్లబోయేవి, కొత్తవి వేయించుకుందామని వెళ్తే షోరూము స్థానంలో మొబైల్ దుకాణం ఉండేది. 2010లో కేంద్రం ఇచ్చిన సబ్సిడీ 2012 మార్చితో ఆగిపోవడంతో ఉన్న కాస్త ఊపూ చల్లారింది. మా కాలనీలో ఒక రిటైర్డ్ మాస్టారుగారి బండి మెట్ల కింద ఏళ్ల తరబడి పడి ఉండేది. పిల్లలు దానిమీద కూర్చుని నోటితో డుర్రుమని చప్పుడు చేసేవారు, ఆ బండి తన జీవితంలో ఎన్నడూ చేయని చప్పుడు. మాస్టారు దాన్ని పాత ఇనప సామాను వాడికి వేసినప్పుడు కాలనీ అంతా చూసింది. ఇవాళ "ఇవి నడవవు సార్" అనే నడివయసు మనిషి కళ్ల ముందు ఆ బండే ఉంటుంది. ఆయనకు లిథియం బ్యాటరీ గురించి ఉపన్యాసమిచ్చి ఏం లాభం? ఒక్కసారి తాళంచెవి చేతికిచ్చి, ఖాళీ రోడ్డు చూపించి, "మెల్లగా తిప్పండి" అని హెచ్చరించాలి. ఇంజను వేగం పుంజుకునేదాకా ఆగాల్సిన పని మోటారుకు లేదు. సున్నా దగ్గరే దాని బలమంతా ఉంటుంది. ఆయన తిరిగొచ్చాక మాట్లాడే తీరులో తేడా వస్తుంది.

"లేడీస్ బండి" అనే ముద్ర మాత్రం అంత తేలిగ్గా పోదు. గేర్లు లేవు, చప్పుడు లేదు, కిక్కు కొట్టే పని లేదు. మరి మగతనం ఎక్కడ పెట్టుకోవాలి? ఈ మాట అనేవాళ్లలో చాలామంది పొద్దున్నే పాల ప్యాకెట్లకు భార్య స్కూటీ మీదే వెళ్లేవాళ్లని నా గమనిక. లూనాను వెక్కిరించిన దేశం మనది. ఆ లూనాయే 2024లో కరెంటు బండిగా మళ్లీ వచ్చింది. బుక్ చేసి ఏళ్లకేళ్లు ఎదురుచూసిన చేతక్ అంతకు నాలుగేళ్ల ముందే అలా వచ్చింది. పేరు పాతదైతే నమ్మకం కొంచెం తొందరగా కుదురుతుందని కంపెనీలకూ తెలుసు.

పేలుడు భయం పుట్టింది 2022లో. ఆ ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు చనిపోయాడు. రోజుల వ్యవధిలో విజయవాడలో పడగ్గదిలో పెట్టిన బ్యాటరీ ఇంకొకరి ప్రాణం తీసింది. సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో కింద విద్యుత్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచాయి. పొగ పై అంతస్తులకు ఎక్కింది. ఎనిమిది మంది పోయారు. ఆ పొగను టీవీలో రాత్రంతా చూసిన మనిషిని "పెట్రోలు బండ్లు మాత్రం తగలబడవా?" అని గద్దించడం నాకు మర్యాద అనిపించదు. తగలబడతాయి, నిజమే. కానీ పెట్రోలు బండిని ఎవరూ మంచం పక్కన పెట్టుకుని పడుకోరు.

ఆ ప్రమాదాల తర్వాత బ్యాటరీలకు ఏఐఎస్-156 అనే ప్రమాణాన్ని కేంద్రం బిగించింది. 2022 డిసెంబరు నుంచి ఒక విడత, 2023 మార్చి ఆఖరు నుంచి రెండో విడత నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ప్యాకులోకి నీళ్లు దూరకూడదు, లోపల వేడి అదుపు తప్పితే నడిపేవాడికి ముందే హెచ్చరిక అందాలి, ఇలాంటివి. కాబట్టి అంతకు ముందు తయారైన సెకండ్ హ్యాండ్ బండి చవగ్గా వస్తోందంటే నేను రెండుసార్లు ఆలోచిస్తాను. పోయిన ఛార్జరు బదులు ఎవరిదో తెచ్చి తగిలించేవాణ్ని, లోకల్‌గా సెల్లులు కట్టించుకున్న బ్యాటరీ వేసుకునేవాణ్ని, రోహిణి కార్తె ఎండలో తిరిగొచ్చి బండి చల్లారకముందే వైరు గుచ్చేవాణ్ని చూస్తే భయపడతాను కూడా. లిథియానికి మన మే నెల నచ్చదు. సిగ్నల్ దగ్గర "పేలదా?" అని అడిగేవాళ్లు చాలామంది, "రాత్రి ఎక్కడ ఛార్జింగ్ పెడతవ్?" అని అడిగినవాళ్లు నాకింకా తగల్లేదు. అడగాల్సిన ప్రశ్న అదీ.

వాన గురించి ఇంత లోతుగా చెప్పాల్సింది లేదు, లోతంతా మైత్రీవనం దగ్గర రోడ్డు మీదే ఉంటుంది. మంచి బండ్ల బ్యాటరీకి ఐపీ-67 రక్షణ ఉంటుంది. మీటరు లోతు నీళ్లలో అరగంట ముంచినా లోపల తడవకూడదని దానర్థం. బ్యాటరీ వోల్టేజీ చాలా బండ్లలో యాభై చిల్లర, మన గోడ ప్లగ్గులో ఉన్నది 230. షాక్ భయమంటూ ఉంటే వానలో తడుస్తున్న ఛార్జరుతోనూ, తేలిపోయిన ఎక్స్‌టెన్షన్ బాక్సుతోనూ ఉండాలి. నడుముదాకా వచ్చిన నీళ్లలోకి ఏ బండినైనా దింపడం ఎందుకన్నది వేరే ప్రశ్న.

ఇంకో ముచ్చట ఉంది, అది అపోహో ఆశో నాకు తేలలేదు: "దీనికి లైసెన్సు అక్కర్లేదు కదా?" మోటారు 250 వాట్లు మించకుండా, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకుండా ఉన్న బండికే ఆ మినహాయింపు. మిగతా వాటన్నిటికీ లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, హెల్మెట్ అన్నీ మామూలే. పదో తరగతి పిల్లాడు ముగ్గుర్ని ఎక్కించుకుని యాభై వేగంతో పోతుంటే, ఆ బండికి ప్లేటు లేదంటే, కొన్నప్పుడు కాగితం మీద ఉన్న పాతిక వేగాన్ని ఎవరో విప్పేశారన్నమాట. ఇంట్లోవాళ్లకు అది తెలియదంటే నేను నమ్మను.

మా వీధి మలుపులో మెకానిక్ ఉన్నాడు. నా బండి వంక ఆయన చూసే చూపులో అపోహ లేదు, లెక్క ఉంది. ఒకసారి బ్రేకు బిగించమని ఆపితే, సైడు ప్యానెల్ వైపు వంగి చూసి, "ఇంజనే లేదు సార్, నేనేం చూడాలె?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఇంజను ఆయిలు, ప్లగ్గు, కార్బురేటరు, సైలెన్సరు, క్లచ్ ప్లేట్లు, చైను. ఆయన ఇద్దరు కొడుకుల చదువు నడిచింది వీటి మీదే. నాకు మిగిలే ప్రతి రూపాయీ ఎక్కడో ఒకచోట ఆయన గల్లాపెట్టెలోంచి పోయేదే. పోనీ మాకైనా అంతా సుఖమా అంటే, అదీ లేదు. మీటరు బోర్డు మీద ఏదో ఎర్ర గుర్తు వెలిగిందంటే ఈ మలుపులో బాగుకాదు. సర్వీసు సెంటరుకు ట్రాలీ ఎక్కించాలి, పార్టు వచ్చేదాకా వాళ్లు చెప్పే తేదీలు వినాలి. రోజంతా బండి మీదే బతికే డెలివరీ కుర్రాళ్లు సిగ్నల్ దగ్గర నన్ను పేలుడు గురించి అడగరు. "సర్వీసు ఎట్లుంది అన్నా? పార్టు ఎన్ని దినాలకు వస్తది?" అంటారు. ఈ ఊళ్లో కరెంటు బండి గురించి తెలిసి మాట్లాడేది వాళ్లే.

కొన్నవాళ్లకూ కొన్ని భ్రమలుంటాయి. మొదటిది కంపెనీ చెప్పిన రేంజి. ప్రయోగశాలలో రోలర్ల మీద ఒక నిర్ణీత పద్ధతిలో నడిపి తేల్చిన అంకె అది. పంజాగుట్ట ట్రాఫిక్కు, జూబ్లీహిల్స్ ఎత్తు, వెనక సీట్లో బావమరిది ఆ పరీక్షలో ఉండరు. పావువంతు కోసేసుకుని లెక్కవేసుకుంటే మనశ్శాంతి. రెండోది "ఫ్రీగా తిరుగుతున్నా" అనే గొప్ప. నెలకు ఆరొందల యాభై కిలోమీటర్లు తిరిగే బండి, ఛార్జింగ్‌లో పోయే నష్టం కలిపి, సుమారు పాతిక యూనిట్లు తాగుతుంది. లీటరుకు నలభై అయిదు ఇచ్చే పెట్రోలు స్కూటరుకు, లీటరు 107 రూపాయల లెక్కన, ఆ దూరానికే పదిహేను వందలు దాటుతుంది. ఇటు కరెంటు ఖర్చు నూటపాతిక, రెండొందల మధ్య. బాగానే ఉంది కదా? ఇప్పుడు తెల్ల రేషన్ కార్డున్న ఇంటికి రండి. గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. ఫ్రిజ్జు, ఫ్యాన్లు, టీవీ కలిపి నూట ఎనభై దగ్గర ఒడ్డున నిలబడ్డ ఆ ఇంట్లోకి ఈ పాతిక యూనిట్లు వచ్చి చేరాయా, ఆ నెల బిల్లు సున్నా నుంచి ఒక్క గెంతులో వెయ్యి దాటుతుంది. అందుకే మా పనిమనిషి కొడుకు బండి ఆఫీసు పార్కింగ్‌లోనే ఛార్జింగ్ పెట్టుకుని వస్తాడు. వాళ్లమ్మ మీటరు చదివే తీరు చూస్తే ఏ ఇంజనీరూ పనికిరాడు.

"మీ కరెంటు మాత్రం బొగ్గుతోనే కదా" అని పుల్ల విరిచే చదువుకున్నవాళ్లను కూడా విందాం. వాళ్ల మాటలో సగం నిజం. మన కరెంటులో పెద్ద వాటా ఇంకా బొగ్గుదే. నా బండి వదలని పొగ రామగుండంలోనో పాల్వంచలోనో గొట్టంలోంచి లేస్తోంది. మోటారు తనకిచ్చిన శక్తిలో ఎక్కువ భాగాన్ని చక్రానికి చేరుస్తుంది, పెట్రోలు ఇంజను పావువంతు చేర్చి మిగతాది వేడిగా పారేస్తుంది కాబట్టి మొత్తం మీద మేలే జరుగుతోంది. అయినా సిగ్నల్ దగ్గర నేను పీల్చే గాలి బాగుపడ్డందుకు పాల్వంచవాళ్లకు ఏం దక్కిందని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఇన్ని అడిగే ఊరు అసలైన చిక్కు గురించి నోరెత్తదు. అది ప్లగ్గు. సొంత ఇల్లు, సొంత గేటు ఉన్నవాడికి కరెంటు బండి సుఖం. అపార్ట్‌మెంటులో బండి సెల్లారులో, మీటరు మెట్ల కింద, మనం నాలుగో అంతస్తులో. సెల్లారులో ఉన్న ఒకే ఒక్క ప్లగ్గు వాచ్‌మన్ ఫ్యానుది. అక్కడ పెడితే మొదటి వారం ఎవరూ ఏమీ అనరు, రెండో వారం వాట్సాప్ గ్రూపులో "కామన్ కరెంటు దుర్వినియోగం" అని మెసేజీ వస్తుంది. మా అసోసియేషన్ సమావేశంలో ఒక పెద్దాయన "ఇట్లా అందరూ పెడితే ట్రాన్స్‌ఫార్మర్ ఆగుతుందా?" అని లేచారు. స్కూటరు ఛార్జరు లాగేది ఎనిమిది వందల వాట్లకు అటూ ఇటూ. ఆయన రోజూ పొద్దున వేసే గీజరు రెండు వేల వాట్లు. గీజరు మీద మాత్రం తీర్మానం ఎవరూ పెట్టలేదు. 2019లోనే కేంద్రం మాదిరి భవన నిబంధనలు మార్చి, కొత్త భవనాల పార్కింగ్‌లో అయిదో వంతుకు ఛార్జింగ్ ఏర్పాటు ఉండాలంది. ఇంటికున్న కరెంటు కనెక్షన్‌తోనే బండి ఛార్జ్ చేసుకోవచ్చని 2022 జనవరి మార్గదర్శకాలూ చెప్పాయి. రాష్ట్రం 2024 నవంబరులో రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తేసింది, 2026 ఆఖరుదాకా. ఇవన్నీ నిజమే. ఢిల్లీ నుంచి, సచివాలయం నుంచి దిగొచ్చిన ఈ ఉత్తర్వులన్నీ సెల్లారు మెట్ల దగ్గర ఆగిపోతాయి. మాకు చివరికి సబ్ మీటర్లు వచ్చాయి, కానీ అందుకు సెక్రెటరీ మారాల్సి వచ్చింది.

అద్దె ఇళ్లవాళ్ల పాట్లు ఇంకా వేరు. మా మేనల్లుడు నిజాంపేటలో గది వెతుకుతున్నాడు. టు-లెట్ బోర్డుల మీద మంజీరా నీళ్లు, బోరు నీళ్లు, బైక్ పార్కింగ్ అన్నీ రాసి ఉన్నాయి. ఒక ఓనరుగారు అన్నిటికీ ఒప్పుకుని, అడ్వాన్సు తీసుకోబోతూ బండి వైపు చూశారట.

"ఛార్జింగ్ బండా?"

"అవునండీ."

"అయితే నెలకు అయిదొందలు ఎక్స్‌ట్రా బాబూ. కరెంటు మస్తు కాలుతది."

వాడు ఫోను తీసి యూనిట్ల లెక్క వేసి చూపించాడు. నూటయాభైకి మించదన్నాడు. ఆయన లెక్కంతా ఓపిగ్గా విని, "నువ్వు చెప్పేది కరెక్టే గనీ, పేలితే?" అన్నారట. మూడొందలకు బేరం నడుస్తోంది.