అద్దె మంచె

సూరతునుంచి బొంబాయికి పోయే రైలుమార్గంలో ఉధనా, భేస్తాన్ దాటిన తరువాత సచిన్ అనే స్టేషను వస్తుంది. ఈ పేరు వినగానే నేటివారికి ఒక క్రికెటు ఆటగాడు స్ఫురించడం సహజమే. కాని ఊరు అతనికంటె చాల పాతది. 1791లో ఏర్పడి 1948లో భారతదేశంలో విలీనమైన చిన్న సంస్థానమొకటి ఈ ఊరి పేరనే ఉండేది. దాని నవాబులు అబిసీనియానుంచి వచ్చిన సిద్దీల సంతతివారు. ఇప్పుడు ఆ ఊరికి ప్రసిద్ధి తెచ్చినవి పారిశ్రామికవాడ, అద్దకపు మిల్లులు, మరమగ్గాల షెడ్లు. దేశంలోని నాలుగు మూలలనుంచీ పొట్ట చేతబట్టుకొని వచ్చినవారిలో తెలంగాణపు పద్మశాలీలు కూడ ఉన్నారు.

అటువంటి నేతపనివాడొకడు, కరీంనగరం ప్రాంతంనుంచి వచ్చి ముప్పయి ఏండ్లు మగ్గాల నడుమ నిలిచినవాడు, ఒక దీపావళి సెలవులకు వృక్షగృహం అద్దెకు తీసుకోవలెనని సంకల్పించినాడు. కోరిక నిజానికి కొడుకుది. దీపావళికి షెడ్లు మూతపడతాయి. ప్రతి సంవత్సరం ఆ రోజులలో డుమస్ సముద్రతీరానికి పోయి, నల్లని ఇసుకలో నడిచి, టమాటా బజ్జీలు తిని రావడమే ఆ కుటుంబపు విహారం. ఈసారి అడవిలో చెట్టుమీద రెండు రాత్రులు ఉందామని కుర్రవాడు పట్టుబట్టినాడు. తండ్రి వెంటనే సరే అన్నాడు. ఆ తొందరపాటు చూసి భార్య ఆశ్చర్యపడింది గాని, కారణం అడుగలేదు.

అడిగి ఉంటే చెప్పేవాడో లేదో. అతని చెవులు పోతున్నాయి. ఎనిమిది గంటలపాటు 85 డెసిబెల్లకు మించిన మోతలో ఉండడం చెవికి హాని అని వైద్యశాస్త్రం చెప్పుతుంది. మరమగ్గాల షెడ్డు మోత దానిని దాటే ఉంటుంది. అక్కడి పాళీ పన్నెండు గంటలు. ఇటువంటి చెవుడు ఒక్కసారిగా రాదు. ముందు సన్నని ధ్వనులు పోతాయి: పక్షుల కిచకిచలు, కీచురాళ్ళ రొద, పసిపిల్లల మాటలలోని సకారాలు. లావు ధ్వనులు కొంతకాలం మిగులుతాయి. కనుక మనిషి తనకు అన్నీ వినపడుతున్నాయనే భ్రమలోనే ఉంటాడు. ఇతడు ఆ భ్రమను దాటినవాడు. అడవిలో ఏమైనా వినపడుతుందేమో, ఇంకా ఏమి మిగిలి ఉన్నదో ఒకసారి తేల్చుకోవలెనని అతని లోపలి ఆరాటం.

సచిన్‌కు తూర్పుగా, ఆగ్నేయంగా పోతే అడవి దూరం కాదు. బిలిమోరానుంచి వఘాయి వరకు 1913లో గాయక్వాడుల కాలాన వేసిన సన్నగేజి రైలుమార్గం టేకు కలప తెచ్చుకొనడానికి వేసినదే. వాంసదా అడవిని 1979లో జాతీయోద్యానం చేసినారు. డాంగ్ జిల్లాలో పూర్ణానది ఇరుపక్కలా అభయారణ్యం ఉన్నది. వెదురు, టేకు, అక్కడక్కడ చిరుతలు. ఈ ప్రాంతంలో వృక్షగృహాలని పేరు పెట్టుకొన్నవాటిలో మూడింటిని కొడుకు ఏరి తెచ్చినాడు.

మొదటిది రోడ్డుపక్కనే ఉన్నది. సిమెంటు స్తంభాలకు బెరడువలె గీతలు గీసి గోధుమరంగు వేసినారు. చల్లని గాలి యంత్రం ఉన్నది, చెట్టు మాత్రం లేదు. దీనిని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు.

రెండవది నిజమైన చెట్టుమీద, ముప్పయి అడుగుల ఎత్తున ఉన్నది. ఎక్కడానికి నిట్టనిలువు నిచ్చెన. ఎత్తు పెరిగేకొద్దీ అద్దె పెరుగుతుందట! నేతపనివాడు దాని చిత్రాలను చాలసేపు పరీక్షించినాడు. యంత్రాలతో బతికినవాడు గనుక బిగింపులమీదనే అతని కన్ను పడింది. మాను చుట్టూ ఇనుపపట్టీలు బిగించి ఉన్నవి. చెట్టు లావెక్కేది బెరడు కిందనున్న పలుచని పొరవల్ల. చుట్టూ పట్టీ వేస్తే కొన్నాళ్ళకు అదే ఉరిత్రాడవుతుంది. దానికంటె ఒకటి రెండు లావు బోల్టులు లోతుగా దించడం మేలు; ఆ గాయాన్ని చెట్టు తానే పూడ్చుకొంటుంది. ఇది చదివి నేర్చుకొన్నది కాదు. నూలు తెగకుండ బిగువు ఎంత ఉండవలెనో ముప్పయి ఏండ్లు చూసినవానికి ఇది తోచడం వింత కాదు. అయినా ఆ ఇంటిమీదనుంచి అతని మనస్సు మరలలేదు. గాలికి చెట్టు ఊగితే ఇల్లూ ఊగుతుంది. చెవికి అందనిది ఒంటికి అందుతుంది. మగ్గంలో పోగు తెగినప్పుడు అతడు ఇప్పుడు గుర్తించేది పాదాలతోనే.

కాని ఇంట్లో ఎనుబది ఏండ్ల తల్లి ఉన్నది. ఆమెను వదలి పోవడానికి వీలులేదు, ముప్పయి అడుగులు ఎక్కించడానికీ వీలులేదు. చీకటిలో కిందికి దిగి మరుగుదొడ్డికి పోవలెను కదా. చెట్టుమీది ఇంటిని ఎన్నుకొనేవారు కిటికీలోనుంచి కనబడే దృశ్యాన్ని అడుగుతారు గాని, ఈ సంగతి ముందుగా అడుగరు.

వృక్షగృహాలలో లోకప్రసిద్ధమైనది కీన్యాలోని ట్రీటాప్స్. 1932లో ఒక పెద్ద మర్రిజాతి చెట్టుమీద రెండు గదులతో దానిని కట్టినారు. 1952 ఫిబ్రవరి 5నాటి రాత్రి ఇంగ్లండు రాకుమారి ఎలిజబెత్ అక్కడ ఉండగానే తండ్రి మరణించి, ఆమె రాణి అయింది. మన కుమావూ అడవుల వేటగాడు జిమ్ కార్బెట్ ఆమెతోపాటు అక్కడే ఉన్నాడు. 1954లో తిరుగుబాటు రోజులలో ఆ ఇల్లు కాలిపోయింది. ఇదంతా కుర్రవాడు నానమ్మకు చదివి వినిపించినాడు. ఆమె శ్రద్ధగానే విన్నది. చివరకు ఒక్క ప్రశ్న వేసింది.

“గిదంత మంచె ముచ్చటేనా? మంచె ఎక్కితే మనకు కూలి ఇస్తరు గద, కిరాయి మనమిచ్చుడేంది కొడుకా?”

ఆమె అన్నది తప్పు కాదు. మంచె, మంచము, వేటగాండ్ల మచాను, గుజరాతీల మాంచడో అన్నీ ఒకే సంస్కృతపదపు సంతానం. జొన్నచేను పాలుపట్టే వేళ ఆమె పొద్దు పొడవకముందే మంచె ఎక్కి, వడిసెల తిప్పుతూ, పిట్టలను అదిలిస్తూ, కూలి గింజలు తెచ్చినది. కొడుకును ఆ మంచెమీదనే పడుకోబెట్టేదట. ఆ సంగతి అతడు ఎరుగడు. ఆమె చెప్పేవరకు ఎవరూ అడుగలేదు.

మూడవది వాంసదా దాటిన తరువాత ఒక ఆదివాసి రైతు పొలంలో ఉన్నది. ఇప్పచెట్టుకు ఆనుకొని ఎనిమిది అడుగుల ఎత్తున గుంజలమీద వెదురుతడికల గది. మాను నేలపలకల నడుమనుంచి పైకి పోతుంది. చుట్టూ నాలుగు వేళ్ళ సందు వదిలినారు. వెడల్పైన మెట్లు, పట్టుకొనడానికి వాసము. దగ్గరనే వాగు. కుర్రవాడు ముఖం ముడుచుకొన్నాడు. ఎనిమిది అడుగులు కూడ ఒక ఎత్తేనా? తండ్రి చిత్రంలోని ఆ సందునే చూస్తున్నాడు. పడుకొన్నచోటునుంచి చేయి చాపితే మాను తగులుతుంది.

ఫోనులో మాటాడవలసింది కొడుకే. తండ్రికి ఫోనులో సగం మాటలు అందవు. కార్తికంలో వాగు పారుతుందా? పారుతుందన్నారు. టేకు ఆకులు రాలే కాలం ఇంకా రాలేదు, నీడకు లోటులేదు. రాత్రి దీపం ఉన్నది. మరుగుదొడ్డి మెట్ల పక్కనే.

“వాగు మోత లావుగ ఉంటదా, సన్నగనా? అడుగు,” అన్నాడు తండ్రి.

కుర్రవాడు విచిత్రంగా చూసి, గుజరాతీలో అడిగినాడు. అవతలివాడు కూడ కాసేపు ఆలోచించి ఉండవలె. రాళ్ళమీద పడుతుంది, లావుగానే ఉంటుందని జవాబు వచ్చింది. బయానా పంపినారు.

ఆ సాయంకాలం ముసలామె షెడ్డునుంచి తెచ్చిన వేస్టు నూలు ముందు వేసుకొని కూర్చున్నది. అది పాలియెస్టరు; పత్తివలె పేనుకు లొంగదు, జారిపోతుంది. తొడమీద పెట్టి, ఉమ్మితడి చేసి, మళ్ళీ మళ్ళీ పేనింది. అక్కడ పిట్టలను కొట్టరాదని మనుమడు హెచ్చరించినాడు.

“కొట్ట బిడ్డా, ఉట్టిగనే పట్టుకుంట,” అని ఆమె వడిసెల నడిమి గుల్ల అల్లడానికి ఇంకొంచెం నూలు కావాలన్నది.